మోషే రాసిన ఇతర విశేషాలు

బోధన్‌లో చెరుకు కాంటా దగ్గర చిట్టీలు రాసే మోషేకు గర్వపడటానికి ఈ లోకంలో ఒకటే ఉండేది, తన దస్తూరి. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. అక్షరాలు గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసేవాడు. ఒకనాడు పంతులు అతని పలకను బడంతా తిప్పి చూపించాడట. ఆ ముచ్చట పెండ్లయిన పదిహేనేండ్ల తరువాత కూడా నెలకోసారి భార్య ఎల్లవ్వకు వినిపించేవాడు. ఆమె విని విని విసుగెత్తి, "గా పలక ఇప్పుడు దొరుకుతే సెప్పు, గండ్లనే నీకు బువ్వ పెడ్త" అనేది.

అంత మంచి దస్తూరితో కాంటా దగ్గర అతడు రాసేదేమిటంటే బండి నంబరు, ఊరు పేరు, బరువు. ఒక్క పూర్తి వాక్యం రాసే భాగ్యం ఆ ఉద్యోగంలో లేదు. అదీ సీజను ఉన్న ఆరు నెలలే. చెరుకు అయిపోగానే ఫ్యాక్టరీ పొగగొట్టం చల్లబడేది, మోషే ఇంటి పొయ్యి కూడా ఒక పూటకు దిగేది. అరవై ఏడు ఎండాకాలం మరీ ఘోరం. చక్కెర రేషనైంది. ఊరి గాలి నిండా చెరుకు మడ్డి వాసన కొట్టే బోధన్‌లో జనం బెల్లం వేసుకొని చాయ తాగారు.

అప్పుడు దొరికాడు రామస్వామి. చాయకు వేసే చాపత్త అమ్మే ఒక కంపెనీకి నిజామాబాద్‌లో ఏజెంటు. పాన్ నమిలి నమిలి పండ్లు ఇటుక రంగుకు తిరిగిన మనిషి. బస్టాండు హోటల్లో మోషే ఎవరికో అర్జీ రాసిపెడుతుంటే భుజం మీంచి తొంగి చూసి, పక్కన కూర్చున్నాడు.

"నీతోని ఒక పని ఉన్నది," అన్నాడు. "దుకాణాలకు కొనే గిరాకి లెక్క పోవాలె. మా చాపత్త అడగాలె. వాడు మాదే ఇస్తుండా, ఇంకోటేదన్న అంటగడుతుండా, పాకిటు మీదున్న ధరనే తీసుకుంటుండా, సీలు మంచిగున్నదా, అన్నీ సూడాలె. ఇంటికొచ్చి ఈ ఫారం నింపి నాకు పంపాలె. కంపెనీ మనిషివని ఎవ్వనికీ ఎర్క కావద్దు."

"అంటే దొంగసాటుగనా సార్?"

"దొంగసాటేంది? పైసలిచ్చి కొంటవ్. కొన్న పాకిటు నీదే. బస్సు కిరాయి మాది, దుకాణానికి అర్ధ రూపాయి నీది."

"బోధన్‌ల నన్ను అందరు గుర్తువడ్తరు సార్."

"గుర్తువట్టిన ముఖమైతేనే మంచిది. అనుమానం రాదు."

ఫారం నాలుగు ప్రశ్నలు అచ్చువేసిన కాగితం. నాలుగింటికీ అవును, కాదు అంటే చాలు. కింద మాత్రం "ఇతర విశేషాలు" అని రాసి ఆరు గీతలు ఖాళీగా వదిలారు. మోషే మనసు అర్ధ రూపాయి మీద కంటే ఆ ఆరు గీతల మీద ఎక్కువ పడింది. ఇంటికి పోయి ఎల్లవ్వకు చూపించి, "గిది సూడు, గిక్కడ మన ఇష్టం," అన్నాడు. ఇంట్లోకి చాపత్త ఊరికే వస్తుందన్న మాట ఒక్కటే ఆమె చెవికెక్కింది.

మొదటి నెల మాక్లూర్, రెంజల్, ధర్పల్లి తిరిగాడు. తిరిగిన కొద్దీ మోషేకు మనుషులంటే రోత పుట్టింది. గిరాకిగా పోయినప్పుడు కనబడని సంగతులు చూడటానికి పోయినప్పుడు కనబడతాయి. ఒకడు ముక్కు చీదిన చేత్తోనే పాకెట్టు తీసి ఇచ్చాడు. ఇంకొకడు ముందున్న ముసలామెకు నూనె పోస్తూ కొలతలో బొటనవేలు ముంచాడు, ఆమె పోగానే ఆ వేలును తలకు రాసుకున్నాడు. ఒక ఊళ్ళో దుకాణందారు పాకెట్టు చేతికివ్వబోయి ఆగి, "పేరేంది?" అని అడిగాడు. మోషే అని చెప్పాడు. వాడు పాకెట్టును అరుగు మీద పెట్టి, చేయి వెనక్కి తీసుకున్నాడు. పైసలు కూడా అక్కడే పెట్టమన్నాడు. తరువాత చెంబులోంచి నీళ్ళు తీసి వాటి మీద చల్లి, అప్పుడు ఏరుకున్నాడు. పాకెట్టు సీలు బాగుంది. ధర సరిగ్గా తీసుకున్నాడు. నాలుగు ప్రశ్నలకూ వాడు నిఖార్సైన వ్యాపారి.

మోషే ఆ రాత్రి ఇతర విశేషాల్లో ఆ నీళ్ళ సంగతి వివరంగా రాశాడు. మరుసటి వారం నిజామాబాద్ పోతే రామస్వామి ఎర్ర పెన్సిలుతో ఆ ఆరు గీతలూ అడ్డంగా కొట్టేసి ఉంచాడు.

"గివన్నీ కంపెనీకెందుకు మోషే? నీళ్లు సల్లుకుంటడో, పాలు సల్లుకుంటడో, మన పాకిటు అమ్ముడువోయిందా లేదా?"

ఇంకొకటి ఇంతకంటే అసహ్యమైనది బోధన్ బస్టాండు ముందే దొరికింది. అక్కడ తుకారాం కిరాణా దుకాణం పెద్దది. ముందు కంపెనీ రేకు బోర్డు నిలువెత్తుది ఉండేది. మోషే రాగానే తుకారాం స్టూలు వేశాడు, పిల్లలెట్లున్నారని అడిగాడు, పాకెట్టు తువాలతో తుడిచి మరీ ఇచ్చాడు. ఇంటికి తెచ్చి ఎల్లవ్వ సీలు విప్పితే వేలికి మైదా పిండి జిగురు అంటింది. నీళ్ళు మరగకముందే చాయ బొగ్గు రంగుకు తిరిగింది. పైన మినుప పొట్టు తేలింది. గుడ్డలో వడపోస్తే అడుగున మిగిలింది వాడి పారేసిన చాపత్త, హోటళ్ళ వెనక చాప మీద ఎండబెట్టి మళ్ళీ నింపిన సరుకు. దాంట్లోంచి ఈగ ఒకటి, బీడీ ముక్క ఒకటి బయటపడ్డాయి.

ఎల్లవ్వ గిలాస పక్కకు పెట్టి వాకిట్లోకి పోయి కక్కుకుంది. లోపలికి వచ్చి, "ఊరోళ్లు తాగి పారపోసిన ఎంగిలి నీళ్లు నాకు తాపిస్తివి గద," అన్నది. మోషే ఇతర విశేషాలకు ఆరు గీతలు చాలక కాగితం వెనక్కి తిప్పి కూడా రాశాడు. ఈగను కూడా రాశాడు.

రామస్వామి చదివి పాన్‌ను ఇంకో దవడకు మార్చుకున్నాడు. "పాకిటుకు సీలున్నదా?"

"ఉన్నది సార్, గని గది వానింటికాడ అతికిచ్చింది."

"సీలున్నదా లేదా? ఉన్నది. అయిపాయె. తుకారాం నెలకు ఎన్ని పెట్టెలెత్తుతడో ఎర్కేనా నీకు?" ఆ మాటంటూ బల్ల కింద ఉన్న నెయ్యి డబ్బాను కాలితో ఇంకా లోపలికి నెట్టాడు. డబ్బా మీద తుకారాం దుకాణం చీటీ అంటించి ఉంది. మోషే అది చూశాడు. చూశాడని రామస్వామికీ తెలుసు, అయినా ఏమీ కానట్టు బయటికి పోయి ఉమ్మి వచ్చాడు.

అక్కడే మానేయాల్సింది. మోషే మానలేదు. ఆ అర్ధ రూపాయలతో ఇంట్లో పొయ్యి రెండో పూట కూడా వెలుగుతోంది. అదొకటి. రెండోది, రాసే చెయ్యి ఆగలేదు. చెడు రాస్తే కొట్టేస్తున్నారు, మంచి రాస్తే ఉంచుతారేమో అని ఆలోచించాడు. మంచి రాయటానికి ఎవరున్నారా అని వెతికితే, రామస్వామి ఇచ్చిన దుకాణాల జాబితాలో తరువాతి పేరే నాగవ్వ.

నాగవ్వది చెరుకు బండ్లు నిలిచే రోడ్డు పక్కన చిన్న దుకాణం. ఆమె మొగుడు భీమన్న ఒకప్పుడు మోషేతో పాటు కాంటా దగ్గరే పనిచేసేవాడు. చెరుకు బండి నొగ విరిగి నడుం మీద పడ్డప్పటి నుంచి మంచం దిగలేదు. ఆ దుకాణం నడిస్తేనే ఆ ఇద్దరికీ గంజి. భీమన్న భారీ మనిషి, నాగవ్వ ఒక్కతే అతన్ని లేపలేదు. అందుకని మోషే ప్రతి ఐతారం చర్చి అయిపోగానే అక్కడికి పోయి అతన్ని ఎత్తి, స్నానం చేయించి, పక్క మార్చి, గడ్డం గీసి వచ్చేవాడు. పని అయ్యాక నాగవ్వ అతనికి చాయ పోసేది. నాలుగేండ్లుగా ఇదే వరుస.

ఆ దుకాణానికి కూడా కంపెనీ బోర్డు ఉంది. బోర్డున్న దుకాణాలకు కంపెనీ బండి వారం వారం వచ్చి తక్కువ ధరకు సరుకు దింపిపోయేది. చక్కెర కరువైన ఆ రోజుల్లో నాగవ్వ బతుకు ఆ చాపత్త మీదే నడిచింది. అయితే ఆమె దగ్గరికి వచ్చేది బండ్లవాళ్ళు, నాట్లకు కలుపులకు పోయే కూలివాళ్ళు. పాకెట్టు మొత్తం కొనే శక్తి వాళ్ళకు ఎక్కడిది? అందుకని ఆమె పాకెట్టు విప్పి, ఒక పూటకు సరిపోయేంత చాపత్తను పాత కాగితంలో పొట్లం కట్టి ఐదు పైసలకు అమ్మేది. కట్టే ముందు ప్రతి పొట్లంలో రెండు వేళ్ళతో ఇంత కొసరు వేసేది. కొసరు వేయని చెయ్యి ఆ రోడ్డు మీద ఎవరికీ నచ్చదు, ఆమెకైతే అసలే నచ్చదు.

మోషే ఒక పొట్లం కొని తెచ్చుకొని, రెండుసార్లు చిత్తు రాసుకొని, మూడోసారి తేటగా ఎక్కించాడు.

"ఈ దుకాణము నడుపు నాగవ్వ మిక్కిలి ధర్మాత్మురాలు. పేదవారు పూర్తి పాకెట్టు కొనజాలరు గనుక, ఆమె తానే పాకెట్టు విప్పి ఐదు పైసలకు పొట్లములు కట్టి ఇచ్చును. ప్రతి పొట్లమునకు తప్పక కొసరు వేయును. ఇట్టి దుకాణము జిల్లాలో మరియొకటి లేదు."

రాసి, ఎల్లవ్వకు చదివి వినిపించాడు. ఆమెకు కూడా నచ్చింది. "మంచిగ రాసినవ్. నాగవ్వకు ఏదన్న ఇనాం ఇస్తరేమో," అన్నది. మోషే ఆ రాత్రి ఎంతో హాయిగా నిద్రపోయాడు. ఆ నిద్రను తలుచుకుంటే తరువాత అతనికి ఒళ్ళు కంపరమెత్తేది.

మూడు వారాల తరువాత ఐతారం పోతే దుకాణం ముందు రేకు బోర్డు లేదు. గోడకు మేకుల బొక్కలు మాత్రం ఉన్నాయి.

"బోర్డేదవ్వా?"

"పీక్కపోయిండ్రు," అన్నది నాగవ్వ, అతని వైపు చూడకుండా. "పాకిటు ఇప్పితే నేరమంట. ఇగ బండి గూడ రాదంట."

మోషే లోపలికి పోయి భీమన్నను ఎత్తాడు. సబ్బు చేతిలోంచి రెండుసార్లు జారింది. "సబ్బు జారుతున్నదేంరా?" అని భీమన్న అడిగితే, రాత్రి జరం వచ్చిందని అబద్ధం చెప్పాడు. నాగవ్వ ఇచ్చిన చాయ తాగబుద్ధి కాలేదు. అయినా తాగాడు.

తెల్లవారి మొదటి బస్సుకు నిజామాబాద్ పోయాడు. రామస్వామి అతని కాగితాన్నే తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి ఎర్ర పెన్సిలుతో కొట్టేయలేదు. "పాకెట్టు విప్పి" అన్న చోట ఒక గీత, "కొసరు వేయును" అన్న చోట రెండు గీతలు కింద గీసి ఉన్నాయి.

"సార్, నేను ఆమెను మెచ్చుకొని రాసిన."

"ఏం మెచ్చుకున్నవయ్యా? సీలు ఇప్పితే కంపెనీ రూలుకు ఖిలాఫ్. అది నీ చేతితోనే రాసినవ్. ఇగ కొసరు! ఇప్పిన పాకిట్ల కొసరు ఎక్కడికెల్లొస్తది? ఏదో కలుపుతేనే గద వస్తది?"

"ఆమె కలుపది సార్! తన లాభంకెల్లి తీసి వేస్తది. కలిపేటోడు తుకారాం, గది గూడ రాసిన గద!"

"తుకారాం సీలు ఇప్పలే," అన్నాడు రామస్వామి, లెక్కల పంతులు లాగా ఓపికగా. ఆపైన గొంతు తగ్గించి, "నీ దస్తూరి పై ఆఫీసోళ్లకు మస్తు నచ్చింది. గా రోడ్డు మీద ఇప్పుడు మాకు దుకాణం లేదు. నీ భార్య పేర పెట్టుకో. గదే బోర్డు నీ ఇంటికి కొట్టిస్త," అన్నాడు.

మోషే అతని నోటి వైపు చూశాడు. ఎర్రగా, తడిగా, పెదవి చివర వక్క ముక్క ఒకటి అంటుకొని ఉంది. ఆ నోటికీ తన చేతికీ ఏమంత తేడా ఉందని అనిపించింది. మిగిలిన ఫారాలు బల్ల మీద పడేసి, రావలసిన నాలుగు రూపాయలు కూడా అడగకుండా బయటికి వచ్చాడు. బస్సులో దారిపొడుగునా కిటికీలోంచి ఉమ్ముతూనే ఉన్నాడు.

ఎల్లవ్వతో చెప్పాడు. ఆమె, "పోయి నాగవ్వతోని చెప్పు," అన్నది. చెప్పాలనే అనుకున్నాడు. ఐతారం వచ్చేది, పోయేవాడు, చెప్పకుండానే తిరిగొచ్చేవాడు. వచ్చే వారం చెబుదామనుకునేవాడు. అట్లా దసరా పోయింది, దీపావళి పోయింది. వారం వారం నీళ్ళు కాగి ఉండేవి, పని అయ్యాక చాయ వచ్చేది, అతడు తాగి వచ్చేవాడు. ఇంత సిగ్గులేని బతుకు ఇంకెవడన్నా బతుకుతాడా అని తనను తానే తిట్టుకునేవాడు, మళ్ళీ ఐతారం పోయి గిలాస అందుకునేవాడు.

సీజను మొదలైంది. చెరుకు బండ్లు మైలు పొడుగునా బారులు తీరాయి. బండ్లవాళ్ళు ఎడ్లను విప్పి, మూడు రాళ్ళు పెట్టి, చాపత్త కోసం ఎప్పటిలాగే నాగవ్వ దగ్గరికి వచ్చారు. కంపెనీ బండి రాదు కదా, ఆమె ఎక్కడి నుంచి తేవాలి? బోధన్‌లో దొరికే చోటు తుకారాం దుకాణమే. అక్కడ పూర్తి ధరకు పాకెట్టు కొని తెచ్చి, విప్పి, పొట్లాలు కట్టింది. ఒక్క పైసా మిగలకపోయినా గిరాకి చెదరకుండా ఉంటే చాలుననుకుంది.

ఆ ఐతారం మోషే వచ్చేసరికి రెంజల్ నుంచి వచ్చిన బండ్లాయన ఒకడు దుకాణం ముందు నిలబడి అరుస్తున్నాడు. చేతిలో గిన్నె ఉంది. నల్లటి నీళ్ళ మీద పొట్టు తేలుతోంది.

"ఏండ్లసంది నీ కాడనే కొంటున్నం గదనే! నువ్వు గూడ పొట్టు కలుపవడ్తివా? తూ, నీ చేతులు పడిపోను!" అంటూ ఆ గిన్నెడు నీళ్ళు ఆమె అరుగు మీద గుమ్మరించాడు. వెనక నిలబడ్డవాళ్ళు తమ పొట్లాలు అరుగు మీదికి విసిరేసి పోయారు. ఒకరిద్దరు ఉమ్మేసి మరీ పోయారు. నాగవ్వ చీపురు తెచ్చి అరుగు ఊడ్చింది.

మోషే ఇక నిలవలేకపోయాడు. ఆ తడి అరుగు ముందే చేతులు జోడించాడు.

"అవ్వా, గా కంపెనీకి నీ గురించి రాసింది నేనే."

నాగవ్వ ఊడవటం ఆపలేదు. "ఎర్కే," అన్నది.

"ఎప్పటిసంది?"

"బోర్డు పీకిన్నాటిసంది. గా ఏజెంటు నీ కాయితం నలుగురి ముందట సదివిండు. ఎవలు రాసిండ్రంటే నీ పేరు గూడ చెప్పిండు."

మోషే జోడించిన చేతులు దించేశాడు. "మరి నన్నొక్క మాటన్న అడగకపోతివి. నీ మంచి చెప్పాల్నని రాసిన అవ్వా, దేవుని తోడు."

"నా మంచి నిన్నెవలు చెప్పమన్నరు?" చీపురు పక్కన పెట్టి మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "నిన్ను సూస్తే నాకు కడుపుల తిప్పుతది మోషే. ఐతారం ఐతారం నువ్వు గడప తొక్కుతుంటే, చీపురు మర్లేసి కొడ్దామని చెయ్యి లేస్తది. గని నువ్వు రాకుంటే గాయనను లేపేదెవలు? పీతి గుడ్డలు తియ్యాలంటే వాడకట్టుల ఒక్కడు రాడు. నాకొక్కదానికి లేస్తడా? గందుకనే నోరు మూసుకున్న, చాయ గూడ పోసిన."

ఇన్ని ఐతారాలు ఆమె ఏమీ తెలియక చాయ పోసిందని మోషే అనుకున్నాడు. అన్నీ తెలిసే పోసిందని ఇప్పుడు అర్థమైంది.

లోపలి నుంచి భీమన్న పిలిచాడు. "మోషే అచ్చిండానే?"

"అచ్చిండు," అన్నది నాగవ్వ. మోషేతో, "నీళ్లు సల్లారుతున్నయ్, పో," అన్నది.

మోషే లోపలికి పోయి భీమన్న చంకల కింద చేతులు వేసి లేపాడు. పని ముగించి బయటికి వస్తే అరుగు మీద గిలాస లేదు. ఆ తరువాత భీమన్న ఇంకో నాలుగేండ్లు బతికాడు. మోషే ఒక్క ఐతారం కూడా తప్పలేదు. నాగవ్వ దుకాణం ఎత్తేసి చెరుకు కోతలకు కూలికి పోయేది. ఆమె అతనితో మళ్ళీ మాట్లాడలేదు. నీళ్ళు మాత్రం ప్రతి ఐతారం కాచి ఉంచేది.